120 టీబీ ప్యాక్స్ ఆర్రేకి హార్డ్‌వేర్ ఎన్‌క్రిప్షన్: డిస్క్‌లోనా, కంట్రోలర్‌లోనా, సర్వర్‌లోనా?

#1 బెజవాడ_స్టోరేజ్

డయాగ్నస్టిక్ సెంటర్ల గ్రూపు ఒకదానికి కొత్త ఆర్రే (చాలా డిస్కులు కలిపి నడిపే స్టోరేజ్ బాక్సు) కొనాలి. స్కాన్ ఇమేజ్‌లు (వీటిని దాచే వ్యవస్థే ప్యాక్స్), ల్యాబ్ రిపోర్టులు, బిల్లింగ్ డేటాబేస్ మూడూ అందులోనే ఉంటాయి. వాడుకోవడానికి 120 టీబీ చేతికి రావాలి. మెయిన్ సైట్ విజయవాడ, డీఆర్ (మెయిన్ సైట్ పడిపోతే ఆదుకునే రెండో సైట్) హైదరాబాద్. డిస్క్ మీద డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలన్నది మేనేజ్‌మెంట్ షరతు.

మూడు కొటేషన్లు వచ్చాయి, మూడూ మూడు దారులు. ఒకరు ఎస్‌ఈడీ (లోపలే ఎన్‌క్రిప్ట్ చేసుకునే) డిస్కులు ఇస్తామంటున్నారు, రేటు ఎక్కువ. ఇంకొకరు మామూలు డిస్కులే చాలు, ఎన్‌క్రిప్షన్ కంట్రోలర్ (ఆర్రేలో డిస్కులని నడిపే భాగం) చూసుకుంటుంది అంటున్నారు. మూడో ఆయన “మా బాక్సులో ఏఈఎస్-256 ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది సార్, మీరేం పట్టించుకోనక్కర్లేదు” అంటున్నాడు. కాగితం మీద ముగ్గురి ఎన్‌క్రిప్షన్ పద్ధతీ ఏఈఎస్-256ఏ. మరి దేన్ని బట్టి ఎంచుకోవాలి?

డిస్కుల లెక్క ఇదీ: 24 బేల షెల్ఫ్, 7.68 టీబీ ఎస్‌ఎస్‌డీలు, 9+2 రెయిడ్-6 గ్రూపులు (తొమ్మిది డేటాకి, రెండు డిస్కులు పాడైనా తట్టుకోవడానికి ఇంకో రెండు) రెండు, హాట్ స్పేర్లు (పాడైనదాని బదులు వెంటనే పనిలోకి దిగేవి) రెండు. డేటాకి మిగిలేవి 18 × 7.68, అంటే 138.24 టీబీ.

#2 తాళంగుత్తి

ఏఈఎస్-256 దగ్గర ముగ్గురూ సమానమే కాబట్టి ఆ లైను కొట్టేసి మిగతాది చదవండి. వాళ్లని అడగాల్సినవి రెండే. కీ ఎక్కడ ఉంటుంది? కరెంటు పోయి అన్నీ ఆరిపోయి మళ్లీ లేచినప్పుడు ఆ కీని ఎవరు తెచ్చి ఇస్తారు?

దానికంటే ముందు, ఈ ఎన్‌క్రిప్షన్ దేన్ని ఆపుతుందో మేనేజ్‌మెంట్‌కి చెప్పి పెట్టండి. పాడైన డిస్క్ ఆర్‌ఎంఏకి (మార్పిడి కోసం వెండర్‌కి వెనక్కి) వెళ్లినా అందులోంచి డేటా బయటికి రాదు. ర్యాక్‌లోంచి ఎవరైనా డిస్క్ లాగేసుకుపోయినా రాదు. ఐదారేళ్ల తర్వాత కీ చెరిపేసిన ఆర్రే స్క్రాప్‌కి వెళ్లినా రాదు. అక్కడితో సరి. రాన్సమ్‌వేర్‌కి ఇది అడ్డం కాదు, ఎందుకంటే సర్వర్‌కి ఆర్రే ఎప్పుడూ విప్పిన డేటానే ఇస్తుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ దొరికినవాడికీ, డేటాబేస్‌లోంచి ఎక్స్‌పోర్ట్ తీసుకున్నవాడికీ ఎన్‌క్రిప్షన్ ఉందన్న సంగతే తెలియదు.

ఇక మొత్తం బాక్సే ఎత్తుకుపోతే? ముగ్గురు వెండర్ల తేడా ఇక్కడ బయటపడుతుంది. కీ బాక్సులోనే ఉంటే, బీరువా తాళంచెవిని బీరువాకే వేలాడదీసినట్టు.

#3 ర్యాక్_మేస్త్రి

డిస్కుల సంగతి నేను చెప్తా. ఒకే మోడల్ డిస్క్ నాలుగు రకాలుగా వస్తుంది. కొటేషన్‌లో పార్ట్ నంబర్ చివరి ఒకటి రెండు అక్షరాలే తేడా కాబట్టి డేటాషీట్ పక్కన పెట్టుకుని సరిచూడాలి.

మొదటిది మామూలు డిస్క్. రెండోది ఐఎస్‌ఈ, అంటే ఇన్‌స్టంట్ సెక్యూర్ ఎరేజ్. మూడోది ఎస్‌ఈడీ, టీసీజీ అనే పరిశ్రమ సంఘం స్పెసిఫికేషన్‌తో వచ్చేది. నాలుగోది అదే ఎస్‌ఈడీకి ఫిప్స్ (అమెరికా ప్రభుత్వ క్రిప్టోగ్రఫీ ప్రమాణం) సర్టిఫికెట్ ఉన్నది.

మోసపోయేది రెండో రకం దగ్గర. ఐఎస్‌ఈ డిస్క్ కూడా లోపల ఎన్‌క్రిప్ట్ చేసే రాస్తుంది, కానీ దానికి తాళం ఉండదు. పవర్ ఇచ్చి కేబుల్ తగిలించిన ప్రతివాడికీ విప్పి చూపిస్తుంది. దాని ఉపయోగం ఒక్కటే: అమ్మేముందు ఒక కమాండ్‌తో లోపలి కీ మార్చేస్తే పాత డేటా చెత్త అయిపోతుంది. డిస్క్ కమాండ్‌కే పలకనంతగా పాడైతే ఆ పని కూడా కాదు. ఆర్‌ఎంఏకి వెళ్లేవి సరిగ్గా అలాంటి డిస్కులే కదా. అవతల బోర్డు మార్చి లేపితే డేటా కనపడుతుంది.

ఎస్‌ఈడీలో డేటా కీ మీద ఇంకో తాళం కీ ఉంటుంది. పవర్ తెగితే డిస్క్ తనంతట తనే లాక్ అవుతుంది, తాళం కీ ఇస్తేనే చదవనిస్తుంది. పాడైన డిస్క్‌ని చెరపలేకపోయినా ఫర్వాలేదు, లాక్‌లోనే వెళ్తుంది. తాళం కీని ఆర్రే ఆ డిస్కులకి సెట్ చేసి ఉంటేనే సుమా. ఎస్‌ఈడీ కొని తాళం కీ పెట్టకుండా వదిలేస్తే అది ఐఎస్‌ఈతో సమానం. డబ్బు పోసి తాళం కొని తలుపు దగ్గరగా వేసి ఊరుకున్నట్టు.

స్పీడు గురించి బెంగ వద్దు. ఎన్‌క్రిప్షన్ డిస్క్‌లోని చిప్పే చేస్తుంది కాబట్టి ఎస్‌ఈడీకీ మామూలు డిస్క్‌కీ స్పీడులో తేడా కనపడదు.

#4 అనుమానపు_పక్షి

ఎస్‌ఈడీని అంతగా నమ్మొచ్చా? 2018 నవంబరులో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ యూనివర్సిటీ వాళ్లు క్రూషల్ ఎంఎక్స్100, ఎంఎక్స్200, ఎంఎక్స్300, శాంసంగ్ 840 ఈవో, 850 ఈవో, పోర్టబుల్ టీ3, టీ5 విప్పి చూసి పరువు తీశారు కదా. కొన్నింటిలో పాస్‌వర్డ్‌కీ డేటా కీకీ సంబంధమే లేదు. పాస్‌వర్డ్ సరైనదా కాదా అని ఫర్మ్‌వేర్ చూసే చోట అడ్డం తీసేస్తే డిస్క్ తెరుచుకుంది. 840 ఈవోలో పాస్‌వర్డ్ పెట్టిన తర్వాత కూడా వేర్ లెవెలింగ్ (రాతలని ఫ్లాష్ అంతటా పంచే పద్ధతి) వల్ల పాత, రక్షణ లేని కీ కాపీ ఫ్లాష్‌లో ఎక్కడో మిగిలిపోయే అవకాశం ఉంది. విండోస్‌లోని బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ ఆ డిస్కులని నమ్మి తను ఎన్‌క్రిప్ట్ చేయడం మానేసేది. 2019 సెప్టెంబరు అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ కొత్తగా ఎన్‌క్రిప్ట్ చేసే డ్రైవ్‌లకి సాఫ్ట్‌వేర్ పద్ధతినే డిఫాల్ట్ చేసింది.

#5 తాళంగుత్తి

అవి ల్యాప్‌టాప్, పోర్టబుల్ డిస్కులు. ఆర్రేల్లో వాడే ఫిప్స్ డిస్కుల కోవ వేరు. అయినా మీ అనుమానంలో న్యాయం ఉంది: డిస్క్ లోపల కీ ఎలా కట్టారో కొన్నవాడు తెరిచి చూడలేడు. ఫిప్స్ సర్టిఫికెట్ అడిగేది అందుకే. ఒక ల్యాబ్ వాడైనా ఆ డిజైన్ చూశాడన్న భరోసా ఉంటుంది.

కానీ “ఫిప్స్ కంప్లయంట్” అని రాస్తే ఒప్పుకోవద్దు, దానికి అర్థం లేదు. “వ్యాలిడేటెడ్” కావాలి, సర్టిఫికెట్ నంబర్ కావాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వాళ్ల సీఎంవీపీ (ఫిప్స్ సర్టిఫికెట్లు చూసే విభాగం) సైట్‌లో ఆ నంబర్ కొడితే హార్డ్‌వేర్ పార్ట్ నంబర్లు, ఫర్మ్‌వేర్ వెర్షన్లు ఉంటాయి. మీకొచ్చిన డిస్క్‌లో ఉన్న ఫర్మ్‌వేర్ ఆ జాబితాలో లేకపోతే సర్టిఫికెట్ మీ డిస్క్‌ది కాదు. ఏఎంసీ వాడు మధ్యలో ఫర్మ్‌వేర్ ఎక్కించి వెళ్లినా ఇదే తంటా. ఎక్కించే ముందు ఆ వెర్షన్ జాబితాలో ఉందో లేదో అడగండి.

ఇంకో తేదీ కూడా రాసి పెట్టుకోండి. ఫిప్స్ 140-2 సర్టిఫికెట్లన్నీ 2026 సెప్టెంబరు 21తో హిస్టారికల్ జాబితాలోకి పోతాయి. ఐదేళ్లు వాడే సామానుకి టెండర్‌లో 140-2 అని మాత్రమే రాస్తే తర్వాత ఆడిటర్ దగ్గర నీళ్లు నమలాలి. 140-3 అడగండి.

#6 పెంగ్విన్_పంతులు

ఇంత గొడవ ఎందుకండీ, సర్వర్‌లోనే లక్స్2 (లినక్స్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) వేసేస్తే పోలేదా? ఏఈఎస్-ఎన్‌ఐ (ఏఈఎస్ పనిని హార్డ్‌వేర్‌లోనే చేసే ఏర్పాటు) ఉన్న ఈకాలం సీపీయూల్లో ఒక్కో కోర్ సెకనుకు 2 జీబీకి పైనే లాగుతుంది, క్రిప్ట్‌సెటప్ బెంచ్‌మార్క్ కొట్టి మీ సర్వర్‌లోనే చూసుకోండి. ఫార్మాట్ చేసేటప్పుడు సెక్టర్ సైజు 4096 ఇవ్వడం మరిచిపోవద్దు, 512తో చేస్తే అదే పనికి ఎనిమిది రెట్లు ముక్కలు. ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) అయితే లినక్స్ 5.9 నుంచి వచ్చిన రీడ్, రైట్ వర్క్‌క్యూ బైపాస్ ఆప్షన్లు రెండూ పెట్టి, పెట్టకుండా కొలవండి, లేటెన్సీలో తేడా తెలుస్తుంది.

పైగా సర్వర్‌లో ఎన్‌క్రిప్ట్ అయితే సర్వర్ నుంచి ఆర్రేకి వెళ్లే దారిలోనూ, ఆర్రే క్యాష్‌లోనూ, డీఆర్‌కి వెళ్లే లింక్ మీదా అన్నిచోట్లా ఎన్‌క్రిప్ట్ అయిన డేటానే ఉంటుంది. ఆర్రే అడ్మిన్‌కి కూడా ఏమీ కనపడదు. ఎస్‌ఈడీ వీటిలో దేన్నీ కాపాడదు.

#7 ర్యాక్_మేస్త్రి

పంతులుగారూ, సర్వర్‌లో ఎన్‌క్రిప్ట్ చేసిన డేటా ఆర్రేకి గులకరాళ్ల బస్తా లాంటిది. డీడూప్ (ఒకేలాంటి ముక్కలని ఒక్కసారే దాచడం) జరగదు, కంప్రెషన్ జరగదు. 3:1 తగ్గింపు లెక్క వేసి ఆర్రే అమ్మిన వెండర్ ఆ గ్యారంటీ వెనక్కి తీసుకుంటాడు. ఆ నిబంధన కొటేషన్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.

#8 పెంగ్విన్_పంతులు

వీఎంలకీ (వర్చువల్ మెషీన్లకీ) డేటాబేస్‌కీ ఒప్పుకుంటాను. స్కాన్ ఇమేజ్‌లకి మాత్రం ఒప్పుకోను. డైకామ్ (స్కాన్ ఇమేజ్‌ల ఫార్మాట్) ఫైళ్లు ప్యాక్స్‌లోకి వచ్చేసరికే చాలాచోట్ల జేపెగ్ లాస్‌లెస్‌లోనో జేపెగ్ 2000లోనో కంప్రెస్ అయి ఉంటాయి. ఆర్రే ఇంక పిండేదేముంది? 120 టీబీలో అధికభాగం అవే అయితే మీరు చెప్పే నష్టం చిన్నది. ముందు ప్యాక్స్ వెండర్‌ని ట్రాన్స్‌ఫర్ సింటాక్స్ (ఇమేజ్‌ని ఏ కంప్రెషన్‌లో దాస్తున్నారన్నది) ఏమిటో అడగాలి. కంప్రెస్ చేయకుండా దాస్తున్నారంటే అప్పుడు మేస్త్రిగారి మాటే నెగ్గుతుంది.

#9 బెజవాడ_స్టోరేజ్

ఇమేజ్‌లు జేపెగ్ లాస్‌లెస్‌లోనే ఉన్నాయి. కానీ ప్యాక్స్ సర్వర్లు విండోస్ మీద నడుస్తున్నాయి, ఆ అప్లికేషన్ వెండర్ ఓఎస్ స్థాయిలో ఏం మార్చినా సపోర్ట్ ఇవ్వనంటున్నాడు. కాబట్టి సర్వర్ దారి మాకు బిల్లింగ్ డేటాబేస్ వరకే కుదురుతుంది. మిగతాది ఆర్రేలోనే జరగాలి. డిస్కా కంట్రోలరా అన్నదే ఇప్పుడు ప్రశ్న.

#10 ర్యాక్_మేస్త్రి

అయితే ఈ నాలుగూ చూడండి.

కంట్రోలర్ ఎన్‌క్రిప్షన్ అయితే ఏ డిస్కైనా పనికొస్తుంది, స్పేర్ దొరకడం తేలిక. ఎస్‌ఈడీ అయితే హాట్ స్పేర్ కూడా ఎస్‌ఈడీయే కావాలి. నెట్‌యాప్‌లో ఫిప్స్ డిస్కులని అదే నోడ్‌లో, అదే హెచ్‌ఏ జతలో (ఒకటి పడితే ఇంకోటి ఆదుకునే రెండు నోడ్‌లలో) వేరే రకం డిస్కులతో కలపనివ్వరు. ఇవాళ 24 కొని, రెండేళ్ల తర్వాత చవగ్గా దొరికాయని మామూలు షెల్ఫ్ తగిలిద్దామంటే కుదరదు.

తర్వాత ఆన్ చేద్దాంలే అనుకోవడం ఇంకో పొరపాటు. డెల్ యూనిటీ లాంటి వాటిలో ఎన్‌క్రిప్షన్ లైసెన్స్ మొదటి సెటప్‌లోనే పడాలి. ఆ తర్వాత కావాలంటే డేటా మొత్తం వేరేచోటికి తీసి ఆర్రేని మొదటినుంచి కట్టుకోవాల్సిందే. కొటేషన్‌లో “ఎన్‌క్రిప్షన్ రెడీ” అని ఉంటే లైసెన్స్ దానిలో ఉందా, ఫ్యాక్టరీ నుంచే ఆన్ అయి వస్తుందా అని రాతపూర్వకంగా అడగండి.

మూడోది స్క్రాప్ రోజు. కంట్రోలర్ పద్ధతిలో డేటా కీలు ఆర్రే కీస్టోర్‌లో ఉంటాయి, ఆ కీస్టోర్‌కి మీరు బ్యాకప్‌లు తీసి ఉంటారు. ఆర్రేలో కీ చెరిపినా ఆ బ్యాకప్ ఎక్కడో పెన్‌డ్రైవ్‌లో ఉంటే డేటా చెరిపినట్టు కాదు. నిస్ట్ 800-88లో క్రిప్టో ఎరేజ్‌ని (కీ చెరిపి డేటాని పనికిరాకుండా చేయడాన్ని) పర్జ్ స్థాయిగా (ల్యాబ్‌లో కూడా తిరిగి రాబట్టలేని చెరుపుగా) లెక్కపెట్టడానికి షరతు కూడా ఇలాంటిదే: కీ కాపీలన్నీ ఎక్కడున్నాయో తెలిసి, అన్నీ పోయాయని చూపించగలగాలి. ఎస్‌ఈడీలో డేటా కీ డిస్క్ దాటి బయటికే రాదు, అందుకని ఈ లెక్క తేలిక.

నాలుగోది కీ రొటేషన్. ఆడిటర్ “ఏటా కీ మార్చారా” అని అడుగుతాడు. ఎస్‌ఈడీలో మారేది తాళం కీ ఒక్కటే, సెకన్ల పని, డేటాని ముట్టుకోదు. డేటా కీయే మార్చాలని పట్టుబడితే ఆ డిస్క్ ఖాళీ చేసి మళ్లీ నింపాలి. పాలసీ రాసేటప్పుడే “తాళం కీ ఏడాదికోసారి” అని స్పష్టంగా రాసుకుంటే గొడవ ఉండదు.

#11 భీమవరం_సర్వర్

అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. ఆర్రే లేకుండా బ్రాంచిల్లో ఒక్కో సర్వరు, అందులో మెగారెయిడ్ లేదా పెర్క్ రెయిడ్ కార్డు, నాలుగు ఎస్‌ఈడీలు ఉంటే కూడా ఇదే పద్ధతా?

#12 తాళంగుత్తి

అదే, కాస్త చిన్నగా. కార్డులో సెక్యూరిటీ కీ పెట్టాలి, 8 నుంచి 32 అక్షరాలు. ఇప్పటికే డేటా ఉన్న వర్చువల్ డిస్క్ (కార్డు కొన్ని డిస్కులని కలిపి ఒకటిగా చూపేది) అయినా, కింద ఉన్నవన్నీ ఎస్‌ఈడీలే అయితే డేటా పోకుండా సెక్యూర్ చేయొచ్చు. వెనక్కి తీయాలంటే మాత్రం వర్చువల్ డిస్క్‌ని డిలీట్ చేయాల్సిందే.

కార్డు కాలిపోయిన రోజు కోసం రెండు రాసుకోవాలి: కీ ఐడీ, పాస్‌ఫ్రేజ్. కొత్త కార్డు పెట్టగానే డిస్కులు “ఫారిన్, లాక్డ్” అని కనపడతాయి. అప్పుడు కార్డు ఏ కీ ఐడీకి పాస్‌ఫ్రేజ్ కావాలో చూపిస్తుంది. పది బ్రాంచిలకి పది పాస్‌ఫ్రేజ్‌లు ఉంటే ఐడీ లేకుండా ఏది దేనిదో తెలియదు. ఐడీలో బ్రాంచి పేరు, తేదీ ఉండేలా పెట్టండి. పాస్‌ఫ్రేజ్‌లో సున్నా, ఇంగ్లిష్ ఓ అక్షరం రెండూ వద్దు. చేత్తో రాసిన కాగితం చూసి బూట్ స్క్రీన్‌లో కొట్టేటప్పుడు అక్కడే ప్రాణం పోతుంది.

ఆ స్క్రీన్‌లో అన్‌లాక్ ఆప్షన్‌కి దగ్గర్లోనే ఫారిన్ కాన్ఫిగ్ క్లియర్, సెక్యూర్ ఎరేజ్ కూడా ఉంటాయి. లాక్ అయిన డిస్కుని పాడైన డిస్క్ అనుకుని ఎవరైనా ఎరేజ్ నొక్కితే ఆ డేటా ఇక బ్రహ్మ దిగివచ్చినా తిరిగిరాదు. డిస్క్ లేబుల్ మీద ముద్రించిన 32 అక్షరాల పీఎస్‌ఐడీ కూడా అలాంటిదే. కీ పోయినప్పుడు దాంతో డిస్కుని మళ్లీ వాడుకునేలా చేయొచ్చు, డేటా మాత్రం పోతుంది. క్యాడీలో బిగించాక లేబుల్ కనపడదు, బిగించే ముందే ఫొటో తీసి పెట్టుకోండి.

ఎస్‌ఈడీలు దొరకని బ్రాంచికి ఇంకో దారి ఉంది. హెచ్‌పీఈ స్మార్ట్ ఆర్రేల్లో ఎస్‌ఆర్ సెక్యూర్ ఎన్‌క్రిప్షన్ లైసెన్స్ వేస్తే కార్డే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, డిస్క్ ఏదైనా సరే.

#13 కీసర్వర్_కాపలా

ఇంతవరకు డిస్కులే నడిచాయి. డేటా పోగొట్టేది డిస్క్ కాదు, కీ సర్వర్. కొంచెం పొడుగ్గా రాస్తాను.

బయటి కీ సర్వర్‌తో ఆర్రే మాట్లాడేది కేఎంఐపీ అనే ప్రోటోకాల్‌లో, పోర్ట్ 5696, రెండువైపులా టీఎల్‌ఎస్ (నెట్‌వర్క్ మీది సురక్షిత కనెక్షన్) సర్టిఫికెట్లతో. ఆర్రే లేచినప్పుడు కీ అడుగుతుంది, డిస్కులు తెరుచుకుంటాయి, ఆ తర్వాత పవర్ పోయేదాకా మళ్లీ అవసరం పడదు. చిక్కంతా ఇందులోనే. కీ దారిలో ఏది తెగినా ఆ రోజు ఏమీ జరగదు. ఎనిమిది నెలల తర్వాత యూపీఎస్ బ్యాటరీలు మార్చడానికి ఆర్రే ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడు బయటపడుతుంది.

తెగే చోట్లు ఇవీ.

కీ సర్వర్‌ని వీఎంగా పెట్టి ఆ వీఎంని ఇదే ఆర్రే మీద ఉంచడం. ఆర్రే తెరవాలంటే కీ కావాలి, కీ కావాలంటే ఆర్రే తెరవాలి. ఐబీఎం డీఎస్8000 మాన్యువల్స్‌లో దీనికి ఎన్‌క్రిప్షన్ డెడ్‌లాక్ అని పేరే పెట్టారు. అందుకే అక్కడ కనీసం రెండు కీ సర్వర్లు ఉండాలనీ, వాటిలో ఒకటి ఎన్‌క్రిప్టెడ్ స్టోరేజీతో ఏ సంబంధం లేని విడి సర్వర్‌గా ఉండాలనీ అడుగుతారు. అందరికీ తెలిసిన తప్పే కానీ పెట్టిన రోజు ఎవరూ చేయరు. రెండేళ్ల తర్వాత పాత సర్వర్ తీసేస్తూ వీఎంలన్నీ కొత్త ఆర్రేకి మార్చే రోజు జరుగుతుంది. ఆ వీఎం పేరులోనే “ఆర్రే మీదికి మార్చొద్దు” అని పెట్టండి, మొహమాటం వద్దు.

తర్వాత డీఎన్‌ఎస్ (పేరుకి ఐపీ అడ్రస్ చెప్పేది). కీ సర్వర్‌ని పేరుతో ఇస్తారు, ఆ పేరు చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్ ఆర్రే మీది వీఎం. మొదటి చిక్కే ఇంకో వేషంలో. ఐపీ ఇవ్వండి. సర్టిఫికెట్‌లో కూడా ఆ ఐపీ ఉండేలా చేయించండి, లేకపోతే టీఎల్‌ఎస్ ఒప్పుకోదు.

సర్టిఫికెట్ గడువు ఇంకోటి. ఇన్‌స్టాల్ చేసినతను ఏడాదికో రెండేళ్లకో సర్టిఫికెట్ చేసి వెళ్లిపోతాడు. గడువు దాటినా ఆర్రే నడుస్తూనే ఉంటుంది. అలర్ట్ వస్తే వెళ్లేది ఉద్యోగం మానేసిన మనిషి మెయిల్‌కి. క్లయింట్ సర్టిఫికెట్, సర్వర్ సర్టిఫికెట్, వాటిని సంతకం చేసిన సీఏ సర్టిఫికెట్: మూడు తేదీలూ క్యాలెండర్‌లో 60 రోజుల ముందు పెట్టాలి. మూడోదాన్నే మరిచిపోతారు.

చివరిది గడియారం. చాలాకాలం ఆఫ్‌లో ఉన్న కంట్రోలర్‌లో సీమాస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటే లేవగానే ఏ 2000వ సంవత్సరమో చూపిస్తుంది. అప్పటికి సర్టిఫికెట్ పుట్టనే లేదు కాబట్టి టీఎల్‌ఎస్ తిరస్కరిస్తుంది. మనం నెట్‌వర్క్ కేబుల్ అనుకుని రెండు గంటలు వెతుకుతాం. సరైన టైము చెప్పే ఎన్‌టీపీ సర్వర్ కూడా ఆర్రే మీది వీఎం కాకూడదు, స్విచ్‌నో ఫైర్‌వాల్‌నో ఇవ్వండి.

#14 బెజవాడ_స్టోరేజ్

ఇంత ఉంటే బాక్సులోనే కీ ఉంచుకోవడం సుఖం కదా?

#15 కీసర్వర్_కాపలా

సుఖమే, చిన్న సైట్‌కి నేనూ అదే చెప్తాను. డిస్క్ ఆర్‌ఎంఏ, విడి డిస్క్ దొంగతనం, కీ చెరిపి పంపే స్క్రాప్ ఈ మూడింటికీ బాక్సులోని కీ సరిపోతుంది. చాలని చోటు ఒకటే: బాక్సు మొత్తం పోవడం. మీ సర్వర్ రూమ్ ఎక్కడుందో చూసుకోండి. డేటాసెంటర్‌లో తాళం వేసిన ర్యాక్ అయితే ఒక లెక్క, సెంటర్ వెనక జనరేటర్ పక్క గది అయితే ఇంకో లెక్క.

మధ్యేమార్గాలు కూడా ఉన్నాయి. నెట్‌యాప్ ఆన్‌బోర్డ్ కీ మేనేజర్‌లో రీబూట్ అయిన ప్రతిసారీ పాస్‌ఫ్రేజ్ అడిగే పద్ధతి పెట్టుకోవచ్చు. ఐబీఎం ఫ్లాష్‌సిస్టమ్‌లో కీని యూఎస్‌బీ డ్రైవ్‌ల మీద పెట్టొచ్చు. ఎన్‌క్రిప్షన్‌ని మొదట ఆన్ చేసేటప్పుడు కనీసం మూడు డ్రైవ్‌లు కావాలి. కానీ ఆ యూఎస్‌బీలు ఆర్రే వెనకే గుచ్చి వదిలేస్తే దొంగకి బోనస్. లేచాక పీకి ఒకటి లాకర్‌లో, ఒకటి డీఆర్ సైట్‌లో పెట్టాలి. అప్పుడు అర్ధరాత్రి కరెంటు పోయి వస్తే ఎవరో ఒకరు యూఎస్‌బీ పట్టుకుని రావాలి. ఆ ‘ఎవరో’ ఎవరన్నది కొనేముందే తేలాలి.

రెండు సైట్లు ఉన్నాయి కాబట్టి మీకు బయటి కీ సర్వరే నయం. విజయవాడలో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి, రెండూ విడి మెషీన్లు, సొంత మిర్రర్ డిస్కులతో. రెండింట్లోనూ కీలు సింక్ అవుతుండాలి. మూడో కాపీగా ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్‌ని బ్యాంకు లాకర్‌లో పెట్టి, దాని పాస్‌వర్డ్ ఇంకొకరి దగ్గర ఉంచండి.

#16 గోల్కొండ_టేపు

అందరూ ఆర్రే సుట్టే తిరుగుతున్నరు, టేపుల ముచ్చట ఎవ్వరూ తీస్తలేరు. ఆర్రే లోపల ఎన్‌క్రిప్ట్ అయిన డేటా బ్యాకప్ సర్వర్‌కి వచ్చేసరికి విప్పుకొనే వస్తది. టేపు మీద మల్ల ఎన్‌క్రిప్షన్ పెట్టకపోతే నెలకోసారి కొరియర్‌ల పోయే డబ్బాలో మొత్తం డేటా తెరిచి ఉన్నట్టే. తాళం వేసితిని గొళ్లెం మరిచితిని అన్న కథ. ఎల్‌టీవో-4 తరం టేపుల నుంచి, అంటే 2007 నుంచి, టేప్ డ్రైవ్‌లనే ఏఈఎస్-256 ఉంది. డ్రైవ్ ముందు కంప్రెస్ చేసి ఆ తర్వాత ఎన్‌క్రిప్ట్ చేస్తది, జాగా నష్టం లేదు. అదే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ల ఎన్‌క్రిప్షన్ పెడితే డ్రైవ్ కంప్రెషన్‌కి ఏం మిగలదు, సాఫ్ట్‌వేర్‌లనే కంప్రెషన్ ఆన్ చేసుకోవాలె.

ఇంకోటి అన్నా, విజయవాడ నుంచి హైదరాబాద్‌కి రెప్లికేషన్. ఆర్రే పంపేది కూడా విప్పిన డేటానే. ఆర్రేకి సొంత లింక్ ఎన్‌క్రిప్షన్ ఉంటే సరే, లేకుంటే రెండు వైపులా ఐపీసెక్ టన్నెల్ (ఎన్‌క్రిప్ట్ చేసి పంపే దారి) కట్టాలె. డీఆర్ ఆర్రే డిస్కులకి మల్ల వేరే ఎన్‌క్రిప్షన్ లైసెన్స్ కావాలె, ఒక్క సైట్‌కే కొటేషన్ ఇచ్చి తక్కువ రేటు సూపిస్తరు, సూసుకోండి.

#17 అనుమానపు_పక్షి

క్యాష్ సంగతి కూడా. కరెంటు పోయినప్పుడు కొన్ని కార్డులు, కంట్రోలర్లు ర్యామ్‌లోని రాయని డేటాని తమ ఫ్లాష్‌లోకి దింపుకుంటాయి. ఆ ఫ్లాష్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుందా అని అడగండి. పాడైన కంట్రోలర్ కూడా వెనక్కి వెళ్లే సామానే.

#18 తాళంగుత్తి

మంచి పాయింట్. టెండర్‌లో పెట్టాల్సిందే.

చట్టాల వైపు: డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 కింద రక్షణ చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. 2025 నవంబరులో నోటిఫై అయిన నిబంధనలు ఎన్‌క్రిప్షన్‌ని ఆ చర్యల్లో ఒకటిగా పేర్కొన్నాయి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఒక్కదాంతో అందులోంచి బయటపడొచ్చనుకోవద్దు.

బిల్లింగ్‌లో కార్డు నంబర్లు దాస్తున్నారా? కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణం పీసీఐ డీఎస్‌ఎస్ 4లో డిస్క్ స్థాయి ఎన్‌క్రిప్షన్‌ని విడదీసి తీసుకెళ్లే మీడియాకి మాత్రమే చాలినదిగా ఒప్పుకుంటారు. సర్వర్‌కి కట్టి ఉన్న స్టోరేజీలో కార్డు నంబరుని డేటాబేస్ స్థాయిలో కూడా చదవరాకుండా చేయాలి, 2025 మార్చి 31 తర్వాత ఇది తప్పనిసరి. ఆధార్ నంబర్లు దాస్తే అవి విడిగా ఆధార్ డేటా వాల్ట్‌లో ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి, కీలు హెచ్‌ఎస్‌ఎంలో (కీలు దాచే ప్రత్యేక హార్డ్‌వేర్‌లో) ఉండాలి. యూఐడీఏఐ 2017 జులై సర్క్యులర్ ఇది. ఎస్‌ఈడీ ఈ రెంటికీ జవాబు కాదు. అసలు దాచకపోవడమే అన్నిటికంటే చవక.

#19 బెజవాడ_స్టోరేజ్

టెండర్ ముసాయిదా ఇది, తప్పులుంటే చెప్పండి.

ఫిప్స్ 140-3 వ్యాలిడేటెడ్ ఎస్‌ఈడీ ఎస్‌ఎస్‌డీలు 7.68 టీబీ, ఒక్కో సైట్‌కి 24. సర్టిఫికెట్ నంబర్, ఫర్మ్‌వేర్ వెర్షన్ బిడ్‌లోనే ఇవ్వాలి. కేఎంఐపీ కీ సర్వర్లు రెండు, విడి హార్డ్‌వేర్ మీద. రెండు సైట్లకీ ఎన్‌క్రిప్షన్, కేఎంఐపీ లైసెన్సులు. క్యాష్ దింపుకునే ఫ్లాష్ కూడా ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి. రెప్లికేషన్ లింక్ ఎన్‌క్రిప్షన్. బిల్లింగ్ డేటాబేస్‌కి డేటాబేస్ స్థాయి ఎన్‌క్రిప్షన్ మా పని.

#20 ర్యాక్_మేస్త్రి

రెండు చేర్చండి. సైట్‌కి 2 కోల్డ్ స్పేర్లు (బిగించకుండా పక్కన ఉంచే డిస్కులు), అవే పార్ట్ నంబర్‌తో. ఫిప్స్ డిస్కులు డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఎప్పుడూ స్టాకులో ఉండవు. మామూలు డిస్క్ పంపి “ఇది పెట్టుకోండి సార్” అంటే గ్రూపు తీసుకోదు. ఇంకా, మీ 138.24 టీబీ ఓఎస్‌లో 125.7 అని కనపడుతుంది, ఆర్రే సొంతానికి ఉంచుకునేది అందులోంచి మళ్లీ పోతుంది. 120కి అంచు మీదున్నారు.

#21 కీసర్వర్_కాపలా

అంగీకార పరీక్షని టెండర్‌లో రాయండి, లేకపోతే తర్వాత ఎవరూ చేయనివ్వరు. అసలు డేటా ఎక్కకముందే చేయాలి, క్రమం ఇలా ఉండాలి.

రెండు కంట్రోలర్లూ, షెల్ఫూ పూర్తిగా ఆపి పవర్ కేబుళ్లు పీకేసి పది నిమిషాలు ఆగండి. విజయవాడ కీ సర్వర్ నెట్‌వర్క్ కేబుల్ తీసేసి ఆర్రే ఆన్ చేయండి. హైదరాబాద్ నుంచి కీ తెచ్చుకుని లేవాలి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. మళ్లీ ఆపండి. ఈసారి రెండు కీ సర్వర్లూ తీసేసి ఆన్ చేయండి, లేవకూడదు. లేచిందంటే కీ బాక్సులో ఎక్కడో దాగి ఉందన్నమాట, వెండర్‌ని అక్కడే నిలబెట్టి అడగండి. ఆ స్థితిలో స్క్రీన్ మీద డిస్కులు ఎలా కనపడుతున్నాయో ఫొటో తీసి రన్‌బుక్‌లో అతికించండి. రేపు రాత్రి డ్యూటీలో ఉన్నవాడు వాటిని పాడైన డిస్కులనుకోకుండా ఉండాలి. తర్వాత ఒక డిస్క్ పీకి వేరే సర్వర్‌లో పెట్టి చదవడానికి ప్రయత్నించండి, లాక్డ్ అని ఎర్రర్ రావాలి. చివరగా లాకర్ కోసం తీసిన కీ బ్యాకప్‌ని ఖాళీ మెషీన్ మీద రిస్టోర్ చేసి, దాన్నొక్కదాన్నే తగిలించి ఆర్రే లేపండి.

డిస్కుని పీకేటప్పుడు దానికి పవర్ తెగాలి. పవర్ ఆగకుండా డేటా కేబుల్ మాత్రమే వేరే మెషీన్‌కి మార్చితే ఎస్‌ఈడీ తెరిచే ఉంటుంది, పరీక్ష తప్పు ఫలితం చూపిస్తుంది. షెల్ఫ్ బేలోంచి లాగితే ఆ భయం లేదు.

#22 భీమవరం_సర్వర్

ఈ పరీక్ష ఏడాదికోసారి చేయాలా, కొన్నప్పుడొకసారి చాలా?

#23 కీసర్వర్_కాపలా

సర్టిఫికెట్ మార్చిన ప్రతిసారీ చేయాలి. ఫైర్‌వాల్ మార్చినా అంతే, 5696 రూలు కొత్త దాంట్లోకి ఎక్కించడం ఎవరికీ గుర్తుండదు. మొత్తం ఆర్రే ఆపే వీలు లేకపోతే కనీసం ఆర్రే మెనూలోంచి కీ సర్వర్ టెస్ట్ కొట్టండి. రెండు సర్వర్లకీ విడివిడిగా కొట్టండి. ఒకటి పలికితే చాలని మొత్తానికి పచ్చ రంగు చూపించే మెనూలు ఉన్నాయి.